తుప్పలు కొట్టించే ముందు

పోయిన మాఘమాసంలో ఒక రాత్రి హైదరాబాదు నుంచి మా తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. "పెదనాన్నా, రేపు పొద్దున్న జేసీబీ వస్తాది. మన తోటలో తుప్పలన్నీ ఎత్తించీసి నేల సదును చేయించీ. ఫాల్గుణంలో ముహూర్తం దొరికింది, నేనొచ్చీసరికి సుబ్బరంగా ఉండాల" అన్నాడు.

వాడు తుప్పలంటున్నది మా నాన్నగారు వేసిన జీడితోట. 20 సెంట్లు. పిల్లలు వలస వెళ్లాక చూసేవాళ్లు లేక, తిత్లీ తుపానుకు కూలిన చెట్ల మొదళ్లలోంచి కొత్త కొమ్మలు లేచి, కింద ముళ్లకంప అల్లుకుని, దారిన పోయేవాళ్లకు అడవిలా కనిపిస్తున్న మాట నిజమే. నేను ఆ రాత్రి వాడితో ఏమీ వాదించలేదు. ఫోను పెట్టేసి జేసీబీ నడిపే కుర్రాడికి కబురు చేశాను, రేపు రావద్దని.

మర్నాడు వాడితో మాట్లాడిన సంగతులే ఇవాళ మీతోనూ చెప్పుకుందామని వచ్చాను. పలాస, టెక్కలి మొదలుకుని మందస, సోంపేట, కవిటి దాకా తోటల్లో ఇళ్లు లేస్తున్నాయి. పాత వీధులు ఇరుకైపోయాయి. పైదేశం పోయి రెక్కలు ముక్కలు చేసుకున్న బిడ్డ, తండ్రి తోటలో ఒక డాబా కట్టుకోవాలనుకుంటాడు. కట్టుకోవాలి కూడా. ఇల్లు కట్టొద్దని నేననను. ఆ నేలను చదును చేసే ఒక్క పూట మాత్రం తొందరపడొద్దంటాను. ఇంటి ప్లాను నచ్చకపోతే గీత మార్చుకోవచ్చు, గోడ నచ్చకపోతే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. ముప్పయ్యేళ్ల చెట్టు పోయిందంటే మళ్లీ ముప్పయ్యేళ్లు కావాలి.

మన ఈ ప్రాంతానికి ఉద్దానం అన్న పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. మన నేల ఇసుక నేల. ఆ ఇసుకలో మన పెద్దలు కొబ్బరి పెట్టారు, జీడి పెట్టారు, మధ్యలో పనస, మామిడి. గట్ల మీద తాడిచెట్లు, సముద్రం వైపు మొగలి. పోర్చుగీసువాళ్లు బ్రెజిలు నుంచి తెచ్చిన జీడిమామిడిని ఇసుక కదలకుండా పట్టి ఉంచుతుందని మన తీరాల్లో నాటారు. తరవాత పలాస, కాశీబుగ్గల్లో దాని మీదే ఇన్ని కార్ఖానాలు వెలిశాయి. అంటే మనం ఇవాళ తుప్ప అని తీసిపారేస్తున్నది ఎవరో ఒకరు చేత్తో నాటింది. కనీసం, నాటినదాని నీడలో మొలిచింది.

నా సంగతి చెబుతాను. 2011లో నేనూ తోటలోనే ఇల్లు కట్టాను. అప్పుడు నాకీ తెలివి లేదు. మిషను వచ్చిన రోజు నేను బళ్లో ఉన్నాను, పాఠం చెబుతున్నాను. "అంతా తీసెయ్యి నాయనా" అని పొద్దున్నే ఒక మాట చెప్పి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి చూద్దును కదా, నేల అద్దంలా ఉంది. తూర్పు గట్టు మీద మా తాత నాటి మొగలిపొద, మనిషి ఎత్తున గోడలా ఉండేది, వేళ్లతో సహా లేపి ఒక మూల కుప్ప పోశారు. నడిపినవాడి తప్పు లేదు. నేను చెప్పిందే చేశాడు. ఆ ఎండాకాలానికే తెలిసింది. మధ్యాహ్నం గాలి లేస్తే ఇసుక వంటింట్లోకి వచ్చేది. మా ఆవిడ అన్నం గిన్నె మీద పళ్లెం, పళ్లెం మీద తడిగుడ్డ వేసేది. అయినా పంటి కింద కరకరలాడేది. ఆ శబ్దం నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది.

తరవాత వరసపెట్టి తుపాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి పోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి, విసురు వస్తే 165. ఆ రాత్రి ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు. మా వీధివైపు రేకుల పంచ లేచి ఎక్కడ పడిందో రెండు రోజులదాకా తెలియలేదు. మాకూ సముద్రానికీ మధ్య మూడు కిలోమీటర్ల తోట. మా డాబా ఎక్కితే కొబ్బరి తలలు తప్ప మరోటి కనిపించేది కాదు. ఆ మర్నాడు ఎక్కితే సముద్రం కనిపించింది. నీలంగా, తేటగా, ఏమీ ఎరగనట్టు. మా ఆవిడ చూసి అక్కడే కూలబడి ఏడ్చింది.

తరవాతి వారమంతా రంపం మిషన్ల మోతే. దారికడ్డంగా పడ్డవాటిని కోయడం, లాగడం. ఆ పనిలో తిరుగుతూ ఏ చెట్టు ఎలా పడిందో కళ్లారా చూశాను. కొబ్బరి కొన్ని నడుం దగ్గర పుటుక్కున విరిగాయి, కొన్ని వేళ్లతో లేచాయి. జీడి, కింద ఇసుకతో సహా గొడుగు తిరగబడినట్టు పడింది. పనసకు కొమ్మలు పోయాయి, మాను నిలిచింది. గట్టు మీద తాడిచెట్లు మట్టలు పోగొట్టుకుని అలాగే నిలబడ్డాయి. ఇంకొకరి తోటలో నేను పీకించేసినదానిలాంటి మొగలిపొదే ఉంది. అది గాలికి నేలకంటా వంగి, పదిహేను రోజుల్లో మళ్లీ లేచింది. దాని వెనక ఉన్న వాళ్ల పెంకుటింటికి పెంకులు చెదిరాయి, అంతే. నేను నా కళ్లతో చూసినది చెబుతున్నాను, ఎవరో రాసింది కాదు.

ఇంకో మాట. తుపాను కన్ను దాటే చోట గాలి ముందు ఒక దిక్కు నుంచి కొడుతుంది. కాసేపు సద్దుమణుగుతుంది. కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుంది. కాబట్టి సముద్రం వైపు నాలుగు చెట్లుంచి, పడమట నేల నున్నగా గొరిగేస్తే సరిపోదు.

ఇదంతా విన్నాక మావాడు, "మరి ఇల్లెక్కడ కట్టాల పెదనాన్నా, చెట్టు మీదా?" అన్నాడు. కోపంతో అన్నమాట కాదు, నిజంగానే అడిగాడు. అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాం. వాడు కట్టేది 1,000 చదరపు అడుగుల ఇల్లు. సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. ఇల్లు మొత్తం రెండున్నర సెంట్లు కూడా పట్టదు. నుయ్యి, పాయిఖానా, ఇటుకా ఇసుకా దించుకునే జాగా, పిల్లలు ఆడుకునే వాకిలి, అన్నీ కలిపి ఎంత ఉదారంగా వేసినా ఎనిమిది సెంట్లు దాటలేదు. మిగతా పన్నెండు సెంట్లు ఎందుకు ఎత్తించాలి? వాడి దగ్గర జవాబు లేదు. అడిగితే మనలో ఎవరి దగ్గరా ఉండదు. మిషను ఎలాగూ వచ్చింది కదా అని ఎత్తించేస్తాం, అంతే.

శివరాత్రికి వాడు ఊరొచ్చాడు. వాణ్నీ, తోటపనిలో తలపండిన మా ఊరి తాత ఒకాయన్నీ వెంటబెట్టుకుని తోటలోకి వెళ్లాను. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సున్నం డబ్బా. ఉంచాల్సిన చెట్టుకు నడుం ఎత్తున తెల్లపట్టీ వెయ్యాలని అనుకున్నాం. తియ్యాల్సినదానికి గుర్తు పెట్టేవాళ్లే ఎక్కువ. నేను దాన్ని తిరగేశాను. గుర్తు లేనిది పోతుందంటే, ప్రతి చెట్టు దగ్గరా ఆగి, ఉంచుదామా వద్దా అని తలెత్తి చూడక తప్పదు.

ఈశాన్యం మూల ఒక పుట్ట ఉంది, నా నడుమెత్తు. మావాడు దాని దగ్గరకు వెళుతుంటే తాత రెక్క పట్టుకుని ఆపాడు. "సూడ్రా బావూ, ఇటు సూడు" అన్నాడు. పుట్ట ఒక పక్క కొత్తగా పెళ్లగించి ఉంది. ఎర్రమట్టి తడిగా ఉంది. నాలుగైదు గీతలు, వేలెడు లోతున, పైనుంచి కిందికి. "ఎలుగు గీరింది. సెదలు తినీడానికొచ్చింది. నిన్న రాత్రో మొన్నో" అన్నాడు. మావాడి ముఖం పాలిపోయింది. మన జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరగడం ఉద్దానంలో ఎవరికి తెలియదు? జీడిపళ్ల కాలంలో మరీను. 2022లో కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అందుకే చెబుతున్నాను, తుప్పలు కొట్టే పని చీకటితో మొదలుపెట్టకండి, చీకటి పడేదాకా లాగకండి. బాగా పొద్దెక్కాక, నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లండి. ఎలుగుకు మనిషి అలికిడి దూరం నుంచే తెలిస్తే తప్పుకుపోతుంది. ఎదురుగా హఠాత్తుగా తగిలితేనే మీదపడుతుంది.

పుట్టను తియ్యొద్దన్నాడు తాత. ఆయనకు నాగులచవితి ముఖ్యం. నాకు ఇంటి తలుపులకు చెదలు పట్టడం గురించి దిగులు. కొలిచి చూస్తే ఇల్లు కట్టే చోటికి 80 అడుగుల పైన దూరం. పునాదిలో చెదలమందు ఎలాగూ కొట్టిస్తాం. పుట్ట చుట్టూ సున్నంతో ఒక గీత గీసి వదిలేశాం.

గుర్తులు పెట్టాక చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. తుప్ప కొట్టక ముందే సర్వేయరును పిలిపించి హద్దురాళ్లు వేయించండి. మన తోటల్లో తాడిచెట్టూ మొగలిపొదా హద్దుకు సాక్షులు. సాక్షిని చంపేసి తరవాత హద్దు ఎక్కడని వెతుక్కుంటే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, సొంత నేలలోని చెట్లకూ వర్తిస్తుంది. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది, కాబట్టి కొట్టే ముందు ఒక్కసారి సచివాలయంలోనో అటవీశాఖ వారినో అడిగి కాగితం చేతికి తీసుకోండి. సముద్రానికి దగ్గరగా కట్టేవాళ్లకు తీరప్రాంత నియమాలున్నాయి. ఇసుక దిబ్బల్ని చదును చేయడం ఆ నియమాల ప్రకారం కూడదు. నియమం సంగతి అటుంచండి, ఆ దిబ్బే కదా ఉప్పెనకు మొదటి అడ్డు.

వాస్తు దగ్గర పెద్ద పేచీ వచ్చింది. తూర్పు తెరిపిగా ఉండాలి, బరువుచెట్లు దక్షిణం, పడమర ఉండాలి అన్నాడు మావాడి మామగారు. మా తోటకు సముద్రం ఆగ్నేయాన ఉంది. గాలి వచ్చేది అటునుంచే. రోడ్డు పడమట. నేనాయనతో తగువు పెట్టుకోలేదు. ఇంటిని రోడ్డు వైపు జరిపి, తూర్పు వాకిట్లో ఇరవై అడుగులు నీడ పడకుండా వదిలి, ఆ పైన తోట మొదలవ్వాలన్నాను. పొద్దున్న ఎండ వాకిట్లో పడుతుంది, చెట్లు చెట్లుగా ఉంటాయి. "అయితే బాగానే ఉంది బావగారూ" అన్నాడాయన. ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్లు రెండింటిని మాత్రం నేనే తియ్యమన్నాను. పిల్లలు పడుకునే గది మీద పడేంత దగ్గర్లో కొబ్బరిచెట్టు ఉండకూడదు. చెట్ల మీద ప్రేమంటే ఇంటి మీద పడేదాన్ని కూడా ఉంచుకోవడం కాదు.

ఇక ఎప్పుడు కొట్టాలన్నది. ఫాల్గుణం ముహూర్తం మానిపించాను. దానికి వాడు పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫాల్గుణంలో జీడి కాపు మీద ఉంటుంది, చేతికొచ్చే పంటను ఎందుకు నేలపాలు చేయాలి? పైగా చైత్ర వైశాఖాల్లో నేల బోడిగా ఉంటే ఇసుక లేస్తుంది, నా వంటింటి కథే మళ్లీ. మే నెలాఖరుకు జీడిపిక్కలన్నీ ఏరుకుని, తొలకరి రెండు వానలు పడ్డాక మొదలుపెట్టాం. తడిసిన ఇసుకలోంచి వేరు సులువుగా వస్తుంది. గాలికి దుమ్ము లేవదు. అటు పీకిన పిలకను ఇటు నాటితే బతుకుతుంది. వానలు పడ్డాక పురుగూ పుట్రా ఎక్కువ తిరుగుతాయి, అదొక్కటే ఇబ్బంది.

దానికీ ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు మిషను లేదు. మనుషులే కత్తులతో కిందున్న కంప కొట్టారు. రెండు రోజులు అలా వదిలేశాం. కప్పు పోయిన చోట పాములు గానీ ముంగిసలు గానీ ఉండవు, వాటంతట అవే జరిగిపోతాయి. ఆ తరవాత మిషనును రోడ్డు వైపు నుంచి లోపలికి నడిపించాం, నాలుగు పక్కల నుంచీ కాదు. లోపల ఉన్న ప్రాణికి తోటలోకి దారి ఉండాలి. ఆ రోజు ఒక ఉడుము మా కళ్ల ముందే తాపీగా తెల్లపట్టీల చెట్లలోకి వెళ్లిపోయింది. పాము కరిస్తే మాత్రం కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం ఏమీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి నేరుగా ఆస్పత్రికి తీసుకుపోవడమే.

ఇల్లు లేచే చోట జీడిమొద్దును కోసి వదిలేస్తే చాలదు. వేళ్లు భూమిలో పుచ్చి బోలుపడతాయి, చెదలు దిగుతాయి, ఆపైన గచ్చు కుంగుతుంది. మొదలుతో సహా తవ్వి తీసి, గోతిని ఒక్కసారిగా నింపకుండా పొరలు పొరలుగా ఇసుక పోస్తూ, ప్రతి పొరకూ నీళ్లు కట్టి కుదించాలి. పైపైన ఉన్న నల్లటి ఆకుమట్టిని ముందే గీసి పక్కన కుప్ప పెట్టించాను. మన ఇసుకలో ఆ జానెడు మట్టి తయారవడానికి ఎన్నేళ్లు పట్టిందో! దాన్ని పునాదిలో పోసి తొక్కేస్తారు చాలామంది.

కొబ్బరిమొద్దుల సంగతి మరీ జాగ్రత్త. కుళ్లుతున్న కొబ్బరి మొదలులో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. పిల్లలై, పెద్దవై, పక్కతోటలో బతికున్న చెట్ల మొవ్వు తొలుస్తాయి. తిత్లీ తరవాత ఎత్తకుండా వదిలేసిన మొద్దుల వల్ల ఈ పురుగు బాధ పడ్డవాళ్లకు నేను చెప్పాల్సింది లేదు. కోసినదాన్ని చీల్చి ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకోండి, వాసాలకు పనికొస్తే అమ్మండి, ఒక మూల కుప్ప పోసి మరిచిపోకండి. జీడికొమ్మల్ని అక్కడికక్కడే కుప్పేసి అంటించకండి. తోట తోటకు ఆనుకుని ఉంది, నిప్పు హద్దురాయి చూసుకోదు. కింద రాలిన పిక్కలు ఆ మంటలో పడితే జీడినూనె చింది ఒంటి మీద పడుతుంది, పొగ కళ్లూ గొంతూ మండిస్తుంది. కార్ఖానాలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూడండి, జీడి ఎంత ఘాటైనదో తెలుస్తుంది.

ఇక ఆ పని చేసే మనుషుల గురించి చెప్పాలి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. కారణం ఇదేనని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కానీ ఎండలో నీళ్లు లేకుండా ఒళ్లు వంచి పనిచేయడం కిడ్నీకి మంచిది కాదని ఏ డాక్టరైనా చెబుతాడు. తుప్పలు కొట్టడమంత చెమటపట్టే పని మరోటి లేదు. మధ్యాహ్నం ఎండలో పని ఆపించండి. నూతినీళ్లు కాకుండా మంచి తాగునీళ్ల టిన్నులు పెట్టించండి. హిరమండలం జలాశయం నుంచి కుళాయి నీళ్లు వచ్చిన ఊళ్లలో ఆ నీళ్లే పట్టి ఉంచండి. సాయంత్రం నడుం పట్టేసిందని కొట్టుకెళ్లి నొప్పిబిళ్ల కొని వేసుకోవడం మన కూలివాళ్లకు అలవాటైపోయింది. ఆ బిళ్లలు కిడ్నీని దెబ్బతీస్తాయి. వద్దని మీరే చెప్పండి. పని చెప్పినవాడి మాట కాస్త చెవికెక్కుతుంది. వాళ్లు కూచోడానికి నీడ కావాలి కదా, అందుకైనా ముందు ఏ చెట్టును కొట్టకూడదో తెలుస్తుంది.

చెట్లను ఇళ్ల మధ్యే ఉంచుకుని బతకడం ఎలాగో తెలియాలంటే, టెక్కలి పక్కన తేలినీలాపురం వెళ్లి చూడండి. శీతాకాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల కొద్దీ వచ్చి, ఊళ్లో ఇళ్ల నడుమ చెట్ల మీదే గూళ్లు కడతాయి. పిల్లల్ని లేపుకుని ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. రెట్టలు పడతాయి, వాసన వస్తుంది, గోల ఉంటుంది. అయినా అక్కడివాళ్లు ఆ చెట్ల మీద చెయ్యి వెయ్యరు. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఆ పక్షుల్ని.

మావాడి ఇంటికి శ్రావణంలో శంకుస్థాపన అయింది. ఇప్పుడు కార్తీకం, గోడలు లింటెలు దాకా లేచాయి. ఇంటికి తూర్పున పన్నెండు సెంట్ల తోట అలాగే ఉంది, సున్నం పట్టీలు వానకు సగం కరిగిపోయాయి. నాగులచవితికి మా వీధి ఆడవాళ్లంతా ఆ ఈశాన్యం పుట్ట దగ్గరకే వచ్చారు. ఆగ్నేయం గట్టు మీద ఆషాఢం వానల్లో మొగలిపిలకలు పన్నెండు నాటాం. తొమ్మిది మొవ్వు విప్పాయి. రెండు మేక తినేసింది, ఒకటి ఎండిపోయింది. పుష్యంలో సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ మూడు పెడతానన్నాడు మావాడు. వద్దు, వాన లేదు, బతకవు, జూనుదాకా ఆగమన్నాను. ఈసారి కోపం తెచ్చుకోలేదు. "సరే పెదనాన్నా, అంతవరకూ కంచె కట్టించీ, మేకలు రాకుండా" అన్నాడు. రేపు కంచె పని ఉంది నాకు.